ఏరియేటర్లు ఆగినంతసేపు

మొత్తం బడ్జెట్టు మూడు వేల నాలుగొందలు.
అందులో పన్నెండొందలు ఖాజావలి ఆటో తాగేసింది.
మిగిలింది పునుగులకీ, ఒక చీరకీ,
తెగిన మైకు తీగ అతికించడానికీ.
లైటంటే ఆ ఆటో హెడ్‌లైటే.
వెలుగు తిప్పికొట్టడానికి
రొయ్యల పెట్టె మీది థర్మాకోల్ మూత,
ఎంత కడిగినా నీచు వాసన వదల్లేదు.
"సినిమాలో వాసన పడదులే" అన్నాడు పుఖ్‌రాజ్.

పుఖ్‌రాజ్ తాతది జాలోరు.
వాడిది నర్సాపురం మెయిన్ రోడ్డు.
"ఆయ్" అనడంలో మాకంటే రెండాకులు ఎక్కువే చదివాడు.
ఫోను వాడిది, కాబట్టి కెమెరా వాడే.
భ్రమరబర్‌ది కేంద్రపడా, ఐసు గదిలో పని,
గంటల తరబడి కదలకుండా నిలబడగలడు.
మైకు కట్టిన వెదురుకర్ర అందుకే వాడికిచ్చాం.
మైనావ్ నార్జారీ కథానాయిక.
కొక్రాఝార్ నుంచి మూడు రైళ్లు మారి వచ్చి
పొద్దస్తమానం రొయ్యల తలలు తీసే పిల్ల.
నేను డైరెక్టర్ని,
అంటే టీలు మోసేవాణ్ణి.

మా ఐదుగురికీ కలిపి ఒక భాష లేదు.
వచ్చీరాని హిందీ, అరకొర తెలుగు,
మిగతాదంతా చేతులు.
"కట్" ఒక్కటే
అందరికీ ఒకేసారి అర్థమయ్యేది.

అడ్డంకల్లా చప్పుడు.
మొగల్తూరు రోడ్డు పొడుగునా చెరువులు,
చెరువు చెరువుకీ ఏరియేటర్లు,
రాత్రంతా నీళ్ల చెంపలు వాయిస్తూనే ఉంటాయి.
మైనావ్‌ని ఏ గట్టు మీద నిలబెట్టినా
మాట ఆ హోరులో మునిగిపోయేది.
ఆరు రాత్రులు తిరిగాం.
ఏడో రాత్రి కాపలా ఏసుపాదం జాలిపడ్డాడు.
"ఆపుతానండి. నాలుగంటే నాలుగు నిమిషాలు.
ఐదో నిమిషానికి రొయ్య పైకి తేలుద్ది.
రొయ్య తేలితే నా తలా తేలుద్దండి."

స్విచ్చు దించాడు.

చక్రాలు ఇంకో రెండు చుట్లు తిరిగి,
ఒంటి మీది నీళ్లు కార్చుకుని, ఊరుకున్నాయి.
పుట్టి పెరిగిన ఊరే,
నేనెప్పుడూ వినలేదు దాన్ని.
కాలవలో ఎక్కడో పడవ గొలుసు.
గట్టు మట్టిలో ఎండ్రకాయ గరగర.
భ్రమరబర్ మింగిన గుటక.

మైనావ్ నోరు తెరిచింది.
నేను రాసిచ్చిన వాక్యం,
గోదారితో మాట్లాడే పెద్ద వాక్యం,
పది రోజులు బట్టీ పట్టిన వాక్యం
ఆ పిల్లకి ఒక్క ముక్క గుర్తు రాలేదు.
బోడోలో అందుకుంది.
ఆపబోయాను.
ఆపితే మళ్లీ నాలుగు నిమిషాలు ఎవడిస్తాడు?
కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ,
చెరువు వైపు చూసి చెప్పుకుంటూ పోయింది.
ఖాజావలి స్టీరింగు మీద తల ఆనించి
కళ్లు తుడుచుకోవడం నాకు కనపడింది.

రెండు నిమిషాల నలభై సెకన్లకి
పుఖ్‌రాజ్ ఫోను నిండిపోయింది.
చెల్లెలి పెళ్లి వీడియోలు తీసెయ్యరా అని
వారం నుంచి మొత్తుకుంటూనే ఉన్నాం.
బొమ్మ ఆగింది.
భ్రమరబర్ ఫోన్లో గొంతు మాత్రం సాగింది.

ప్లాంటు హాస్టల్ డాబా మీద
దుప్పటి కట్టి వేశాం.
రెండూ నలభైకి దుప్పటి నల్లబడింది.
చీకట్లో మైనావ్ గొంతొక్కటే.
ఒక్కరూ లేవలేదు.
మెస్సులో వండే సుభద్రమ్మ గారు
గరిటె చేత్తో పట్టుకునే వెక్కి వెక్కి ఏడ్చారు.
"కావాలనే అలా పెట్టారాండి?" అన్నాడు ఏసుపాదం.
"ఆయ్" అన్నాడు పుఖ్‌రాజ్, రెప్ప వాల్చకుండా.

వెనక వరసలో బోడో పిల్లలు మాత్రం
నోటికి చేతులడ్డం పెట్టుకుని
పడీ పడీ నవ్వుతున్నారు.
మాకు మనసు చివుక్కుమంది.

తర్వాత అడిగితే చెప్పింది మైనావ్:
ఆ వారం ఎన్ని కిలోలు వలిచిందో,
ఎన్ని రాశారో,
గ్లౌజుల కింద ఎంత కోసుకున్నారో,
సూపర్వైజరు కడుపు ముందు నడిచి
మనిషి వెనకాల ఎలా వస్తాడో,
ఆఖర్న, ఇక చాలు, ఆ చక్రాలు తిప్పండి,
లోపల వాటికి ఊపిరాడట్లేదు, అని.

కింద తెలుగులో అక్షరాలు వేద్దామన్నాను.
వద్దంది.
సూపర్వైజరుకి తెలుగు చదవడం వచ్చంట.